అతిథులన్నారు, పుట్టిల్లే అది



ఈ శీతాకాలం సీతంపేట వైపు పిల్లలం కొందరం కలిసి తేలినీలాపురం వెళ్లొచ్చాం. టెక్కలి మండలంలో, నౌపడ ఉప్పు మడులకు దగ్గర్లో ఉన్న ఊరది. చెట్ల కొమ్మల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టుకుని కూర్చున్నాయి. కిందంతా రెట్ట వాసన, పైనంతా పిల్లల అరుపులు. అటవీ శాఖ వాళ్ల ప్రకృతి పరిచయ కేంద్రం కూడా చూశాం. వచ్చాక రాయకుండా ఉండలేకపోయాం.

ఈ పిట్టలు సైబీరియా నుంచి వస్తాయని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. కానీ ఈ గూడబాతు జాతి సైబీరియాలో పుట్టదు. గుడ్లు పెట్టి పిల్లల్ని పెంచేది ఇండియా, శ్రీలంక, కాంబోడియా లాంటి వేడి దేశాల్లోనే. గూడు కట్టి, పిల్లని పొదిగి, మేత తెచ్చి పెంచేది ఇక్కడైతే పుట్టిల్లు ఇదే కదా! మరి అతిథులని ఎందుకంటున్నారు?

ఆ మాట దగ్గరే మాకు మన కొండ గుర్తొచ్చింది. పిట్టని పుట్టినచోటే అతిథి అన్నారు. మనల్ని పుట్టినచోటే ఆక్రమణదారులన్నారు.

అదెలా జరిగిందో చూద్దాం. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. ఫలానా అడవిని రిజర్వు చేస్తున్నామని ప్రకటన వేస్తారు. హక్కు ఉన్నవాళ్లు గడువులోగా చెప్పుకోవాలి. చెప్పుకోకపోతే ఆ హక్కు పోయినట్టే. చదువు రాని కొండ మనిషికి ఆ కాగితం ఏం తెలుస్తుంది? అలా పోడు కొట్టడం, పశువుల్ని మేపడం, కట్టె తెచ్చుకోవడం నేరాల లెక్కలోకి పోయాయి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. అభయారణ్యంలో కొన్ని హక్కులు కొనసాగనివ్వొచ్చు, జాతీయ పార్కులో మేత కూడా కుదరదు. గోదావరి పక్కన కోయలు, కొండరెడ్లు ఉండే పాపికొండలు 2008లో జాతీయ పార్కు అయ్యాయి.

మనుషులుంటే జంతువులు బతకవా? తేలినీలాపురం దానికి జవాబు. అక్కడ పిట్టల గూళ్లు మనుషుల ఇళ్ల పక్కనే ఉన్నాయి. పిట్టలొస్తే ఊరికి మంచిదని పెద్దోళ్ల నమ్మకం. వాటిని కొట్టరు, కొట్టనివ్వరు. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలోనూ అంతే, అక్కడికి నత్తల్ని తినే కొంగలొస్తాయి. రాజస్థాన్‌లోని ఎడారి జాతీయ పార్కు 3,162 చదరపు కిలోమీటర్లు. బట్టమేక పిట్ట మిగిలిన కొద్ది చోట్లలో అదొకటి. అంత పెద్ద ఎడారి పార్కు లోపలా ఊళ్లున్నాయి, గొర్రెల మందలున్నాయి.

2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం ఈ సంగతిని ఒప్పుకుంది. ఆదివాసీలకు చారిత్రక అన్యాయం జరిగిందని చట్టం పీఠికలోనే రాసుంది. ఆ చట్టమంటే పోడు పట్టా ఒక్కటే అనుకుంటున్నాం మనోళ్లం. కాదు. సామూహిక అడవిని కాపాడుకునే, నిర్వహించుకునే హక్కు కూడా అందులో ఉంది. వన్యప్రాణుల్ని కాపాడే అధికారం గ్రామసభకు ఉంది. జంతువుల కోసం ఊరిని కదపాలన్నా గ్రామసభ ఒప్పుకోవాలి. పట్టా అడిగినంత గట్టిగా ఈ హక్కు కూడా అడగాలి.

అడగాలంటే మన దగ్గర రాత ఉండాలి. గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకుని 1931లో వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లిష్ నిఘంటువు తెచ్చారు. బయటి నుంచి వచ్చిన మనిషి అంత చేశారు. చదువుకున్న మనం మన కొండ మీది పిట్టల పేర్లు ఎన్ని చెప్పగలం? మేం తిరిగొచ్చేటప్పుడు బస్సులో లెక్కేసుకున్నాం. అందరం కలిపినా ఇరవై దాటలేదు. సిగ్గేసింది.

అందుకే ఒక మాట అనుకున్నాం. ఈసారి పండక్కి ఇంటికెళ్లినప్పుడు తాతనో అమ్మమ్మనో పక్కన కూర్చోబెట్టుకోండి. పిట్టలు, చెట్లు, దుంపలు, ఊటల పేర్లు మీ భాషలోనే రాసి తెండి. ఏ పిట్ట ఏ నెలలో వస్తుందో, ఏ చెట్టుని ఎందుకు కొట్టకూడదన్నారో కూడా రాయండి. సవర, జాతాపు, గదబ, ఎవరైనా సరే. రేపు మన కొండ మీదా ఒక పరిచయ కేంద్రం కడితే, మొదటి బోర్డు మీద ఏం రాయాలో చెప్పాల్సింది మనమే.