నవలారచన - గురుశుశ్రూష

నవలారచన గురుముఖమున నేర్వదగినదా అను ప్రశ్న పాతదే. దీనికి సమాధానముగా మేము ఒక రచయిత్రి చరిత్రను శ్రోతలకు విన్నవింతుము.

అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున 1936లో రచయితల శిక్షణశాల ఏర్పడినది. 1945లో జార్జియా రాష్ట్రమునుండి ఫ్లానరీ ఓకానర్ అను ఇరువది యేండ్ల యువతి ఆ విశ్వవిద్యాలయమునకు వచ్చినది. ఆమెకు లభించిన విద్యార్థివేతనము పత్రికారచన నభ్యసించుటకు. ఆమె మనస్సు కథలపై నున్నది. కొలదికాలముననే శిక్షణశాల అధిపతి పాల్ ఎంగిల్ కడకేగి తన కోరిక తెలిపినది. ఆమె దక్షిణాది యాస ఆయనకు బోధపడలేదు, కాగితముపై వ్రాయుమనెను. తాను పత్రికారచయిత్రిని కాననియు, శిక్షణశాలలో చేరగోరుచున్నాననియు ఆమె వ్రాసి యిచ్చినది. ఆమె కథలు చదివి ఆయన చేర్చుకొనెను.

అచ్చట ముఖ్యమైన పని, విద్యార్థి కథను అందరియెదుట చదివి గుణదోషములు విచారించుట. 1947లో ఆరు కథల సంపుటి సమర్పించి ఆమె పట్టము పొందినది. అప్పటికే నవల ఆరంభమైనది. దాని భాగములకు ఒక ప్రచురణ సంస్థ 750 డాలర్ల బహుమతి నిచ్చినది. అయినను ఆ సంస్థ సంపాదకుని విమర్శ తన నవల స్వభావమునకే విరుద్ధమని తోచి ఆమె అంగీకరింపలేదు. నవలాకర్త్రి కెరొలైన్ గోర్డన్ సూచించిన సవరణలను మాత్రము శ్రద్ధతో గైకొన్నది. 1952లో ‘వైజ్ బ్లడ్’ మరియొక సంస్థద్వారా వెలువడినది.

కావున శిక్షణ కోరువారు మొదట తామేమి వ్రాయదలచిరో తెలిసికొనవలెను. పిదప, తమ వ్రాతను శ్రద్ధగా చదువు గురువును వెదకవలెను. ఆయన చెప్పినదానిలో ఏది గ్రాహ్యమో నిర్ణయించు భారము రచయితదే.