చందాలతో నిలిచిన చదువులు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శి అడిగినప్పుడు, బడి జ్ఞాపకాలు రాసేవారు చాలామంది ఉంటారు కదా అన్నాను. ముప్ఫై ఏళ్లకు పైగా కాలేజీలో చరిత్ర పాఠం చెప్పినవాణ్ణి కనుక నాకు తెలిసిన పనే చేస్తానని ఒప్పుకున్నాను.

ఈ యాభై ఏళ్లలో మన పూర్వ విద్యార్థుల సంఘం చేసినదంతా చందాలతో చేసినదే. పరీక్ష ఫీజులు కట్టాం, నోటు పుస్తకాలు పంచాం, పదో తరగతి పిల్లలకు సాయంత్రం క్లాసులు నడిపాం. ఇప్పుడు స్వర్ణోత్సవ నిధి సమకూరుతోంది. దాన్ని దేనికి ఖర్చు చేయాలన్న విషయంలో మనలో రెండు అభిప్రాయాలున్నాయి. బడి ముందు స్వాగత కమాను కట్టాలని కొందరి కోరిక. చుట్టుపక్కల బస్తీల పిల్లలు రాత్రి తొమ్మిది దాకా కూర్చుని చదువుకునేందుకు ఒక గది, అందులో ఒక గ్రంథాలయం ఉండాలని మరికొందరి కోరిక. రాబోయే సర్వసభ్య సమావేశంలో ఇది తేలాలి. మన హైదరాబాద్ నగరంలో పిల్లల కోసం, యువత కోసం దాతల సొమ్ము ఇంతకుముందు ఏయే దారుల్లో వచ్చిందో, ఏది ఎందుకు నిలిచిందో ఆ లోపు ఒకసారి చూసుకోవడం మేలని ఈ వ్యాసం రాస్తున్నాను.

పుస్తకాల గదితో మొదలు

నిజాం రాజ్యంలో తెలుగు మాట్లాడేవారి సంఖ్యే ఎక్కువ. అయినా కచేరీల్లో, పై చదువుల్లో తెలుగుకు చోటు లేదు. నగరంలో ఒక తెలుగు పుస్తకం చదవాలన్నా, ఒక తెలుగు పత్రిక చూడాలన్నా కష్టంగా ఉన్న రోజుల్లో, 1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం ఏర్పడింది. రావిచెట్టు రంగారావు గారు తమ ఇంట్లోనే దానికి చోటిచ్చారు. మునగాల రాజా నాయని వేంకట రంగారావు గారు, ఆయన దగ్గర దివానుగా ఉన్న కొమర్రాజు వేంకట లక్ష్మణరావు గారు దాని వెనుక నిలిచారు. ఒకరిది ఇల్లు, ఒకరిది ధనం, ఒకరిది విద్వత్తు. మూడూ కలిస్తేనే ఆ పని సాగింది.

ఆ దారిలోనే 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్రభాషా నిలయం, 1905లో సికింద్రాబాద్‌లో ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయం వెలిశాయి. మనం గమనించవలసింది ఒకటుంది. దాతలు పోయాక కూడా సుల్తాన్ బజార్‌లోని భాషానిలయం మిగిలింది. దానికి సభ్యులు, కార్యవర్గం, సొంత భవనం ఉండటమే కారణం. దాతల సొమ్ముతో పని మొదలైంది, ఆ తరువాత అది సభ్యుల పూచీ మీద నడిచింది.

బస్తీలోకి వచ్చిన బడి

భాషానిలయానికి వెళ్లి పుస్తకం తీయాలంటే ముందు అక్షరం రావాలి. నగరంలోని దళిత వాడల పిల్లలకు ఆ అక్షరమే అందలేదు. ఆ లోటును పట్టించుకున్నవారు భాగ్యరెడ్డి వర్మ గారు. 1888లో మాదరి భాగయ్యగా పుట్టిన ఆయన 1906లో జగన్మిత్ర మండలిని స్థాపించారు. హరికథలు, భజనలు, ఉపన్యాసాలతో వాడవాడా తిరిగారు. 1910 నుంచి ఇసామియా బజార్, లింగంపల్లి వంటి చోట్ల బడులు తెరిచారు. 1911లో మన్యసంఘం ఏర్పడింది. 1917లో బెజవాడలో జరిగిన ఆది ఆంధ్ర మహాసభకు ఆయనే అధ్యక్షులు.

ఆ బడులకు సొమ్ము ఎక్కడిది? నగరంలోని సంస్కరణాభిమానులు కొందరు ఇచ్చారు, వాడల్లోని వాళ్లు తమకున్నంతలో ఇచ్చారు. ఒక్కో బడిగా పెరిగి 1930ల నాటికి పాతికకు చేరాయి, పిల్లల సంఖ్య రెండు వేలు దాటింది. ఆ తరువాత వాటి నిర్వహణను నిజాం ప్రభుత్వం తీసుకుంది. దాతృత్వం చేయగలిగిన పెద్ద పని ఇదేనని నా ఉద్దేశం. ప్రభుత్వం చూడని అవసరాన్ని ముందు చూసి, పని చేసి చూపించి, చివరకు ఆ బాధ్యతను సర్కారు భుజాల మీద పెట్టడం. బడి అన్నది దయాధర్మంగా మొదలై హక్కుగా మారాలి. మన తరంలో చాలామంది ఫీజు లేని బడిలో చదివామంటే దాని వెనుక ఇలాంటి వారి శ్రమ ఉంది.

అన్నం, పక్క, దీపం

పల్లె నుంచి పట్నానికి చదువుకు వచ్చిన పిల్లవాడికి బడి కన్నా ముందు కావలసింది రెండు పూటల అన్నం, పడుకోవడానికి చోటు, చదువుకోవడానికి దీపం. 1918లో రాజా బహదూర్ వేంకటరామారెడ్డి గారు రెడ్డి హాస్టల్ స్థాపనకు పూనుకున్నది అందుకే. పోలీసు శాఖలో పైకి వచ్చి 1920లో నగర కొత్వాలు అయిన ఆయన మాటకు విలువ ఉండేది. సంస్థానాల ప్రభువులు, భూస్వాములు విరాళాలిచ్చారు. సురవరం ప్రతాపరెడ్డి గారు కొన్నేళ్లు ఆ హాస్టల్ బాధ్యతలు చూశారు. 1926లో గోలకొండ పత్రికను నడపడం మొదలుపెట్టింది కూడా ఆయనే. హాస్టల్లో మంచి గ్రంథాలయం ఉండేది. తరువాతి కాలంలో తెలంగాణ సాయుధ పోరాట నాయకుడైన రావి నారాయణరెడ్డి గారు అక్కడ ఉండి చదువుకున్నవారే. భూస్వాముల విరాళాలతో నడిచిన హాస్టల్ నుంచి భూస్వామ్యాన్ని ఎదిరించినవాడు రావడం చరిత్రలోని ఒక చమత్కారం. తాను ఇచ్చిన రూపాయితో పిల్లవాడు ఏం ఆలోచిస్తాడో దాత నిర్ణయించలేడు, నిర్ణయించకూడదు కూడా.

ఇందులో ఒక పరిమితి కూడా ఉంది. వైశ్య, మున్నూరు కాపు, గౌడ, పద్మశాలి హాస్టళ్లు నగరంలో వచ్చాయి. ఏ కులంలో ఇచ్చే చేతులున్నాయో ఆ కులం పిల్లలకు పక్క దొరికింది. ఇచ్చే చేతులు లేని కులాల పిల్లలు ప్రభుత్వ వసతి గృహాలు వచ్చేదాకా ఆగవలసి వచ్చింది. ఆ దాతల మేలును తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. వేలాది మంది వాటి వల్ల బాగుపడ్డారు. కానీ దాతృత్వం తన వాళ్ల దగ్గరే ఆగిపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. మనలాంటి పూర్వ విద్యార్థుల సంఘానికి ఇక్కడ ఒక సౌలభ్యం ఉంది. ఒకే బల్ల మీద కూర్చోవడమే మన బంధుత్వం.

గుర్తింపు లేకున్నా ఆగని బడి

1921 నవంబరులో హైదరాబాద్ వివేకవర్ధినిలో జరిగిన సంఘ సంస్కరణ సభలో తెలుగులో మాట్లాడబోయిన ఆలంపల్లి వేంకటరామారావు గారిని సభలో కొందరు ఎగతాళి చేశారు. ఆ అవమానంతో కదిలిన కొద్దిమంది యువకులు ఆ రాత్రే ఆంధ్ర జనసంఘానికి పునాది వేశారు. వారిలో మాడపాటి హనుమంతరావు గారు ఒకరు. 1928లో ఆయన చొరవతో నగరంలో ఆడపిల్లలకు తెలుగు మాధ్యమంలో బడి మొదలైంది. అదే నారాయణగూడలోని ఆంధ్ర బాలికోన్నత పాఠశాల. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో సాగేది. తెలుగులో చదివిన పిల్లలు ఏ పరీక్ష రాయాలన్నది సమస్య అయింది. చివరకు పూనాలో కార్వే గారు నెలకొల్పిన మహిళా విశ్వవిద్యాలయం పరీక్షలతో దారి దొరికింది. 1921 నాటి ఆ సభకు అధ్యక్షత వహించింది కూడా ఆ కార్వే గారే.

సర్కారు గుర్తింపు లేని బడికి చందా ఇవ్వడమంటే ధైర్యం కావాలి. అదీ ఆడపిల్లల చదువుకు. గుమాస్తాలు, వకీళ్లు, వ్యాపారులు ఇచ్చిన చిన్న మొత్తాలే ఇలాంటి బడులకు ఊపిరి. మాడపాటి వారు 1951లో హైదరాబాద్ మేయరయ్యారు. కానీ నగరంలో చాలా ఇళ్లలో ఆయన్ను తలుచుకునేది అమ్మమ్మలు చదివిన ఆ బడి వల్లే.

కార్పొరేషన్ చేసిన ప్రయోగం

స్వాతంత్ర్యం వచ్చాక ధర్మనిధుల రూపం మారింది. 1954లో ఏడవ నిజాం పేరిట చారిటబుల్ ట్రస్టు ఏర్పడి చదువుకు, వైద్యానికి సాయం చేసింది. మరోవైపు విదేశీ సంస్థల నిధులు వచ్చాయి. ఫోర్డ్ ఫౌండేషన్ తోడ్పాటుతో 1958లో ఢిల్లీలో పట్టణ సమాజాభివృద్ధి ప్రయోగం మొదలైంది. 1966లో కేంద్ర ప్రభుత్వం ఆ నమూనాను ఇతర నగరాలకు విస్తరించింది. 1967లో మన మునిసిపల్ కార్పొరేషన్‌లో కూడా ఆ విభాగం ప్రారంభమైంది. చాలా నగరాల్లో ఆ పథకం చల్లబడిపోయింది. హైదరాబాద్‌లో మాత్రం నిలదొక్కుకుంది. 1970లలో యూనిసెఫ్, 1980లలో బ్రిటన్ ప్రభుత్వ సాయం దానికి తోడయ్యాయి.

బస్తీల్లో బాల్వాడీలు, కుట్టు శిక్షణ కేంద్రాలు, యువజన సంఘాలు, మహిళా మండలాలు ఆ విభాగం చలవే. దాని పద్ధతి నాకు నచ్చుతుంది. బస్తీలోకి వెళ్లిన కార్యకర్త ముందుగా ఏమీ ఇచ్చేవారు కాదు. మీకు ఏం కావాలని అడిగేవారు. బస్తీవాళ్లు చోటు చూపాలి, చేతనైనంత డబ్బో శ్రమో కలపాలి. ఆ తరువాతే బయటి సొమ్ము వచ్చేది. ఈ పద్ధతిలో కట్టిన కమ్యూనిటీ హాలు పైకప్పు కారితే బాగు చేయించాలన్న పట్టుదల బస్తీలోనే ఉంటుంది.

నేటి రెండు శాతం

2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షను ప్రకారం, నిర్ణీత స్థాయికి మించిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం సామాజిక కార్యక్రమాలకు ఖర్చు చేయాలి. 2014 ఏప్రిల్ 1 నుంచి ఇది అమల్లో ఉంది. చదువు, వృత్తి నైపుణ్యాలు అందులో ఉన్నాయి కనుక నగరంలోని బడులకు, యువజన కేంద్రాలకు కొత్త ఆధారం దొరికింది. దీనివల్ల జరిగిన మేలు తక్కువేమీ కాదు. మరుగుదొడ్లు వచ్చాయి, బెంచీలు వచ్చాయి, ప్రయోగశాలలు వచ్చాయి.

చిక్కు ఇంకో చోట ఉంది. నాకు తెలిసిన ఒక బడికి ఒక సంస్థ ఇరవై కంప్యూటర్లు ఇచ్చింది. నేర్పేవారి జీతం ఒక్క ఏడాదికే ఇచ్చింది. రెండో ఏడు ఆ గదికి తాళం పడింది. కంప్యూటర్ల మీద సంస్థ పేరు మాత్రం చక్కగా కనిపిస్తూ ఉంటుంది. వస్తువును ఫొటో తీయవచ్చు, ప్రారంభోత్సవం చేయవచ్చు. నెల నెలా జీతాన్ని అలా చూపించలేం. అందుకే వస్తువులకు దొరికినంత తేలికగా మనుషులకు డబ్బు దొరకదు. పిల్లలకు అవసరమైనది మాత్రం ఎక్కువసార్లు మనిషే.

మన ముందున్న ప్రశ్న

మళ్లీ మన నిధి దగ్గరికి వస్తాను. కమాను కోరేవారి మాటలో న్యాయం లేదనను. సర్కారు బడి అంటే చిన్నచూపు పెరిగిన ఈ రోజుల్లో బడి ముఖద్వారం గంభీరంగా ఉంటే తల్లిదండ్రులకు నమ్మకం కలుగుతుందని వారి వాదన. పైగా కమానుకు నెల ఖర్చు ఉండదు, గదికి ఉంటుంది. ఇది బలమైన అభ్యంతరమే. గది కట్టి వదిలేస్తే అది సామాన్ల కొట్టు కావడానికి రెండేళ్లు చాలు.

కానీ చరిత్రలో నిలిచిన వాటికి ఉన్నవి, నిలవని వాటికి లేనివి పక్కపక్కన పెట్టి చూస్తే దారి కనిపిస్తుంది. అందుకని నాది ఒక సూచన. కొత్త గది కట్టవద్దు. బడి వెనుక వరుసలో సాయంత్రం పూట ఖాళీగా ఉండే గదినే ప్రధానోపాధ్యాయుల అనుమతితో తీసుకుందాం. నిధి అసలును బ్యాంకులో డిపాజిట్ చేసి ముట్టుకోకుండా ఉంచుదాం. వడ్డీతో ఒక ట్యూటరుకు, గ్రంథాలయం చూసే ఒకరికి నెల నెలా గౌరవ వేతనం ఇద్దాం. వడ్డీ చాలని చోట ఏటా సభ్యత్వ చందాతో పూడ్చుదాం. పెద్ద మొత్తం ఇచ్చిన నలుగురి కన్నా ఏటా తప్పకుండా కొద్దిగా ఇచ్చే నాలుగు వందల మంది మనకు బలం. నిర్వహణ కమిటీలో ఒక ఉపాధ్యాయుడో ఉపాధ్యాయినో, ఒక తల్లి, బస్తీ యువకులు ఇద్దరు ఉండాలి. మనం పోయాక దాన్ని చూసుకోవలసింది వాళ్లే. లెక్కలు మూడు నెలలకోసారి బడి నోటీసు బోర్డు మీద పెట్టాలి. దాతలందరి పేర్లూ, ఇచ్చిన మొత్తం రాయకుండా, అక్షర క్రమంలో ఒకే పలక మీద ఉంటే చాలు.

ఆ గదికి వచ్చే పిల్లల్లో చాలామంది ఇళ్లు ఒక గదివే. టీవీ, పొయ్యి, పసిపిల్లలు, పుస్తకం అన్నీ ఆ ఒక్క గదిలోనే. వారికి రాత్రి తొమ్మిది దాకా ఒక ట్యూబులైటు, ఒక బెంచీ, అడిగితే లెక్క చెప్పే మనిషి దొరికితే పదో తరగతి దాటడం సాధ్యమవుతుంది. ముఖ్యంగా ఆడపిల్లలు ఇంటికి చేరేదాకా ఎవరు తోడుండాలన్నది ముందే తేల్చుకోవాలి. దీన్ని మన ఉపాధ్యాయినులు, పిల్లల తల్లులు కలిసి ఆలోచిస్తే మంచిది.

కమాను కోరిన మిత్రులు కూడా ఈ లెక్కలు ఒకసారి వేసి చూడాలని మనవి. నా వంతు చందా కార్యదర్శికి ఇప్పటికే అందజేశాను. వచ్చే ఏడాదిది కూడా రాసుకోమన్నాను. సర్వసభ్య సమావేశానికి అందరూ తప్పక రండి. ఈ సూచనలో లోపాలుంటే అక్కడ చెప్పండి, సరిదిద్దుకుని మొదలుపెడదాం.