ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పాఠశాల విద్య: ప్రభుత్వ వ్యయం, ప్రగతి

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రంలో 1991 జనగణన నాటికి అక్షరాస్యత 44.09 శాతం. 2001 నాటికి అది 60.47 శాతానికి చేరింది. ఒక్క దశాబ్దంలో జాతీయ సగటుతో ఉన్న అంతరం 8 పాయింట్ల నుండి 4 పాయింట్లకు తగ్గడం చెప్పుకోదగిన విజయం. అయితే 2011 నాటికి రాష్ట్ర అక్షరాస్యత 67.02 శాతం వద్ద నిలిచిపోగా, అంతరం తిరిగి దాదాపు 6 పాయింట్లకు పెరిగింది. సర్వశిక్షా అభియాన్, మధ్యాహ్న భోజనం, కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు వంటి పెద్ద పథకాలన్నీ అమలులోకి వచ్చిన దశాబ్దమే నెమ్మదిగా సాగినట్లు పైకి కనిపించడం గమనార్హం. విద్యా వ్యయంపై వార్తలు వ్రాసే పాత్రికేయులు, నివేదికలు రూపొందించే అధికారులు మొదట పరిశీలించవలసిన విషయం ఇదే.

ఇందుకు ఒక కారణం లెక్క కట్టే విధానంలోనే ఉంది. జనగణన అక్షరాస్యత 7 సంవత్సరాలు, అంతకు పైబడిన జనాభా మొత్తానికి సంబంధించినది. బడిలో చేరిన బాలబాలికలు ఆ లెక్కలో ఒక భాగం మాత్రమే. బడికి వెళ్లే వయసు ఏనాడో దాటిన రైతుకూలీలు, వృద్ధులు కూడా అందులోనే ఉంటారు. 1990 దశకం తొలినాళ్లలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం వయోజనులను నేరుగా చేరింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడికి వచ్చిన మహిళలు అక్షరాలతో ఆగక సారా దుకాణాలను మూయించారు. ఆ ఉద్యమం ఫలితంగా 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలోను, అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం అమలయింది. స్వల్ప వ్యయంతో నడిచిన ఒక విద్యా కార్యక్రమం ఖజానాకు వచ్చే పెద్ద ఆదాయాన్నే నిలిపివేసిన సందర్భం అరుదు. తరువాతి దశాబ్దంలో నిధుల ఒరవడి ప్రధానంగా పిల్లల బడుల వైపు మళ్లింది. దాని ఫలితం అక్షరాస్యత శాతంలో పూర్తిగా ప్రతిఫలించడానికి ఒక తరం పడుతుంది.

మహిళల విషయంలో మార్పు మరింత స్పష్టం. స్త్రీల అక్షరాస్యత 1991లో 32.72 శాతం, 2001లో 50.43 శాతం, 2011లో 59.15 శాతం. స్త్రీ, పురుషుల మధ్య అంతరం ఈ ఇరవై ఏళ్లలో 22 పాయింట్ల నుండి 16 పాయింట్లకు దిగివచ్చింది. జిల్లాల మధ్య వ్యత్యాసం మాత్రం తొలగలేదు. 2001లో హైదరాబాద్, పశ్చిమ గోదావరి జిల్లాలు 70 శాతం దాటి ఉండగా, మహబూబ్‌నగర్ జిల్లా 45 శాతానికి కూడా చేరలేదు. వలసపోయే తల్లిదండ్రుల వెంట పిల్లలూ పోయే జిల్లాలో బడి భవనం కట్టినంత మాత్రాన హాజరు పెరగదు.

వ్యయం విషయానికి వస్తే, పాఠశాల విద్యకు కేటాయించే ప్రతి రూపాయిలో అధిక భాగం ఉపాధ్యాయుల జీతభత్యాలకే పోతుంది. దీనిని వృథాగా భావించరాదు, బోధన జరిగేది ఉపాధ్యాయుని ద్వారానే. కాని పథకాల పేరిట పత్రికల్లో వచ్చే మొత్తాలు ఆ పెద్ద పద్దు పక్కన చిన్నవని గుర్తించాలి. సర్వశిక్షా అభియాన్ తొలి సంవత్సరాలలో బోధనోపకరణాల కోసం ఉపాధ్యాయునికి ఏడాదికి ఇచ్చినది 500 రూపాయలు, పాఠశాలకు ఇచ్చిన వార్షిక గ్రాంటు 2,000 రూపాయలు. నల్లబల్ల రంగుకు, సుద్దముక్కలకు, పటాలకు అందులో నుండే సర్దుకోవలసి వచ్చేది. భవన నిర్మాణానికి ఆమోదిత వ్యయంలో 33 శాతం మించరాదనే నిబంధన కూడా ఆ పథకంలో ఉండేది.

బడ్జెట్ పత్రాలలో సాధారణ విద్య రెవెన్యూ వ్యయం 2202 పద్దు కింద, భవనాల వంటి మూలధన వ్యయం 4202 పద్దు కింద కనిపిస్తాయి. షెడ్యూల్డు కులాలు, తెగలు, వెనుకబడిన తరగతుల వసతి గృహాల ఖర్చు వీటిలో చేరదు. అది సంక్షేమానికి చెందిన 2225 పద్దులో ఉంటుంది. వసతి గృహంలో ఉండి చదువుకునే విద్యార్థిపై చేసే ఖర్చును కలపకుండా విద్యా వ్యయం తగ్గిందని గాని, కలిపి పెరిగిందని గాని వ్రాయడం సరికాదు. అంతకంటె ముఖ్యమైనది, ఒకే సంవత్సరానికి మూడు అంకెలు ఉంటాయి: బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, వాస్తవ వ్యయం. ఫిబ్రవరి, మార్చి నెలల్లో శాసనసభలో వినిపించేది మొదటి అంకె. మూడవది సుమారు రెండేళ్ల తరువాత గాని పత్రాలలో స్థిరపడదు. ప్రగతిని కొలవవలసింది ఆ మూడవ అంకెతోనే.

మంజూరుకు, వ్యయానికి మధ్య నిధులు ఆగే చోటు మరొకటి ఉంది. సర్వశిక్షా అభియాన్‌లో కేంద్ర, రాష్ట్రాల వాటా తొమ్మిదవ ప్రణాళికలో 85:15గా, పదవ ప్రణాళికలో 75:25గా ఉండేది. 2015-16 నుండి అది 60:40 అయింది. రాష్ట్రం తన వాటా విడుదల చేసి, వినియోగ ధ్రువీకరణ పత్రాలు పంపితేనే కేంద్రం తదుపరి వాయిదా ఇస్తుంది. ఒక మండలం నుండి పత్రం ఆలస్యమైతే ఆ జాప్యం జిల్లా లెక్కలకు, అక్కడి నుండి రాష్ట్రం లెక్కలకు పాకుతుంది. చివరకు సగం లేచిన తరగతి గది గోడ మరో వర్షాకాలం తడుస్తుంది.

బడిలో పిల్లలను నిలిపిన కార్యక్రమాలలో వండి వడ్డించిన భోజనానికి ప్రత్యేక స్థానం ఉంది. 1995 నుండి నెలకు 3 కిలోల చొప్పున బియ్యం ఇంటికి ఇచ్చే పద్ధతి ఉండేది. ఆ బియ్యం కుటుంబమంతటికీ పోయేది. సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న వండిన భోజనమే పెట్టాలని ఆదేశించగా, రాష్ట్రంలో 2003 జనవరి నుండి అది అమలయింది. వంట బాధ్యతను అనేక గ్రామాలలో డ్వాక్రా మహిళా సంఘాలు చేపట్టాయి. బిల్లులు ఆలస్యమైన నెలల్లో కిరాణా దుకాణంలో అప్పు తెచ్చి పొయ్యి వెలిగించినది ఆ మహిళలే. ఈ సంగతి ఏ పద్దులోనూ నమోదు కాదు.

2014 జూన్ 2న రాష్ట్ర విభజన జరిగిన అనంతరం రెండు రాష్ట్రాల లెక్కలు వేరయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఆరంభమైన నాడు-నేడు తొలి దశలో 15,715 పాఠశాలలను, తెలంగాణలో 2022లో ఆరంభమైన మన ఊరు-మన బడి కింద 26,065 పాఠశాలలను బాగుచేయాలని నిర్ణయించారు. తల్లుల ఖాతాలకు నేరుగా నగదు జమచేసే పద్ధతి ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరిలో అమ్మఒడితో మొదలైంది. నగదు బదిలీని, పాఠశాలపై చేసే వ్యయాన్ని ఒకే మొత్తంగా చూపినచోట వాటిని విడదీసి చదవడం అవసరం. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడినందున, పై పథకాల ఫలితాన్ని పోల్చి చూడటానికి 2011 తరువాతి జనగణన అక్షరాస్యత గణాంకాలు లేవు. అందువల్ల ప్రస్తుతానికి నమోదు, హాజరు, పదవ తరగతి ఉత్తీర్ణత వంటి వార్షిక వివరాలనే, అవి ఏ సంవత్సరానివో పేర్కొంటూ, ఉపయోగించవలసి ఉంటుంది.