కాకిబంగారం మెరుపు: గూడూరు మైకా, వాడ ఆడవాళ్ళ పెదవి రంగు

గూడూరు బజారులో ఒక ఫ్యాన్సీ షాపులో నేరేడు ఛాయ కలిసిన పలుచటి గులాబీ లిప్‌స్టిక్ ముంజేతి మీద గీసి చూశాం. రంగు కంటే ముందు మెరుపు కనిపించింది. ఇంటికొచ్చి పెదవులకు పూసుకుంటే, ఒకప్పుడు మైకా కూలికి పోయిన మా అమ్మమ్మ వేలితో తుడిచి వెలుతురులో పెట్టి చూసింది. "ఏందిమే, ఇది మైకా పొడి గదా!" అనింది.

ఆమె చెప్పింది నిజం. పలుచటి లిప్‌స్టిక్‌లో రంగు తక్కువ, మైనం, నూనె ఎక్కువ. అందుకే పెదవి సొంత రంగు కూడా బయటికి కనిపిస్తుంది. మెరుపు కావాలంటే మైకాని మెత్తగా నూరి, ఆ సన్నని రేకల మీద టైటానియం డయాక్సైడ్ పూత వేసి కలుపుతారు. పెట్టె మీద మైకాకి వేసే గుర్తు సిఐ 77019. ఆ అంకెలో ఏ ఊరి పేరూ లేదు, ఏ కూలి మనిషి పేరూ లేదు.

మైకాని పుస్తకాలు అభ్రకం అంటాయి, జనం కాకిబంగారం అంటారు. గూడూరు నుంచి సంగం దాకా కొడవలి వంపులో సాగే నేలలో ఇది దొరుకుతుంది. రాపూరు, సైదాపురం, కలిచేడు ఈ పట్టీలోవే. గూడూరు 2022లో తిరుపతి జిల్లాలో కలిసింది గానీ, అంతకుముందు అది నెల్లూరు జిల్లా. అందుకే ప్రపంచ మార్కెట్లో దీనికి నెల్లూరు మైకా అని పేరు. 19వ శతాబ్దం చివరి నుంచి ఇక్కడ తవ్వుతున్నారు. పొయ్యి కిటికీలకు, విద్యుత్ యంత్రాలకు, రేడియోలకు మైకా కావాలి. రెండో ప్రపంచ యుద్ధంలో అది సైన్యాలకు అత్యవసర సరుకైంది. యుద్ధం ముగిశాక, 1946లో, మైకా గని కార్మికుల సంక్షేమ నిధి చట్టం వచ్చింది.

ఆ చట్టంలోని 'కార్మికులు' ఎవరు? సెంటు భూమి లేక మా వాడల నుంచి, యానాదుల గుడిసెల నుంచి పోయినవాళ్ళు. 1952 గనుల చట్టం ఆడవాళ్ళను భూగర్భంలో పనిచేయనివ్వలేదు. కాబట్టి ఏరడం, రేకలు విడదీయడం, అంచులు కత్తిరించడం పైన ఉన్న ఆడవాళ్ళ పని. మైకా దిమ్మను 'బుక్కు' అంటారు. బడి పుస్తకం ముట్టని చేతులు ఆ బుక్కుల్ని రోజంతా పేజీలుగా విడదీశాయి. గనుల లెక్కల్లో టన్నులున్నాయి, రేకకు సైజుని బట్టి, మరకని బట్టి గ్రేడు ఉంది. విడదీసిన ఆడమనిషికి పేరు లేదు.

ఇక ఆ మెరుపు ఆమె ఒంటికి తగులుతుందా? ఆడదాని అలంకారం మీద కులం ఎప్పుడూ కాపలా కాసింది. కేరళలో పులయ స్త్రీలు రాతి పూసల దండలే వేసుకోవాలని కట్టడి ఉండేది. 1915లో అయ్యంకాళి పిలుపుతో వాళ్ళు ఆ దండలు తెంచి పారేశారు. 1927 డిసెంబరులో మహద్‌లో అంబేడ్కర్ దళిత స్త్రీలతో ప్రత్యేకంగా మాట్లాడి, అంటరానితనానికి గుర్తుగా ఉన్న చీరకట్టునూ నగలనూ వదిలేయమన్నాడు. మన దగ్గర దీనికి మరో ముఖం ఉంది. చిత్తూరు ప్రాంతంలో మాదిగ ఆడపిల్లను మాతమ్మగా వదిలేటప్పుడు అలంకారం ఆమె మీద రుద్దారు. అలాంటి ఆచారాలను 1988 చట్టం నిషేధించింది. వాడలో తల్లి కూతురి పెదవి రంగు చూసి ఉలిక్కిపడుతుందంటే అది వట్టి చాదస్తం కాదు. ఊరు ఏమంటుందో, ఏం చేస్తుందో ఆమెకు తెలుసు.

1952లో టాటాలు లాక్మే మొదలుపెట్టినప్పుడు దేశీ సౌందర్య సాధనం అన్నారు. అదే రంగు అగ్రకుల స్త్రీ పూసుకుంటే నాగరికత, మా పిల్ల పూసుకుంటే తెగింపు. కొందరు ప్రగతిశీల మిత్రులు కూడా ఇదంతా మార్కెట్ మాయ అని తేల్చేస్తారు. మార్కెట్ మాయే, కాదనం. కానీ వద్దనుకునే హక్కు రావాలంటే ముందు కావాలనుకునే హక్కు ఉండాలి గదా!

ఆ హక్కుతో పాటు బాధ్యత కూడా మనదే. 1991లో సోవియట్ యూనియన్ కూలిపోయి పెద్ద బేరం పోయింది. ఎలక్ట్రానిక్స్ మారి రేకల గిరాకీ తగ్గింది. పెయింట్లకూ సౌందర్య సాధనాలకూ నూరిన మైకా గిరాకీ మిగిలింది. 2016లో జార్ఖండ్, బీహార్ మైకా గుంటల్లో పిల్లలు చనిపోతున్నారని రాయిటర్స్ బయటపెట్టాక, 2017లో కంపెనీలు, సంస్థలు కలిసి రెస్పాన్సిబుల్ మైకా ఇనిషియేటివ్ పెట్టుకున్నాయి. మా అవ్వలు రేకలు విడదీసిన కాలంలో అలాంటి ఆరా తీసినవాళ్ళు లేరు.

అందుకని గూడూరు, రాపూరు కాలేజీల్లో చదివే పిల్లలకు మేము చెప్పేది ఒకటే. రంగు పూసుకోండి, సిగ్గుపడొద్దు. పూసుకున్న పెదవులతోనే మైకా పనికి పోయిన అవ్వల దగ్గర కూర్చోండి. కూలి ఎంత, మేస్త్రి ఎవరు, దగ్గు ఎప్పుడు పట్టుకుంది, అడిగి రాసుకోండి. వాళ్ళల్లో చాలామంది ఇప్పటికే పోయారు. మిగిలినవాళ్ళు కూడా పోతే మనకు మిగిలేది సిఐ 77019 అనే అంకె ఒక్కటే.