మధ్యధరా తీరమున పేదవాని వంట

గడచిన వేసవిలో నాకు కొంత అస్వస్థత కలిగెను. ఒకప్పుడు నాయొద్ద శబ్దమంజరి వల్లించి పిదప వైద్యుడైన శిష్యుడొకడు నన్ను పరీక్షించి, "పంతులుగారూ, తమరిక వేపుళ్లును ఊరుగాయలును తగ్గించి, మధ్యధరా సముద్రతీరవాసులవలె భుజింపవలెను" అని చెప్పెను. నాలుగు దశాబ్దములు వ్యాకరణము బోధించిన నాకు ఆ సముద్రము భూగోళపటమునందలి నీలివర్ణముగా మాత్రమే పరిచితము. మా అబ్బాయి ఆ సాయంకాలమే అంగడికి పోయి ఒక ఆలివునూనె సీసా తెచ్చెను. దాని వెల విని మా కోడలు, "మామయ్యగారూ, ఈ సొమ్ముతో ఇంటిల్లిపాదికి నెలకు సరిపడు నువ్వులనూనె వచ్చునండీ" అనెను. ఆమె మాట న్యాయమైనది. ఇది శ్రీమంతుల తిండియా, లేక ఎవరి తిండి? ఈ సందేహమే నన్ను కొన్ని మాసములు గ్రంథాలయముల చుట్టు త్రిప్పినది. శ్రోతలారా, నేను చదివినవన్నియు ఆంగ్లానువాదములే. లాటిను భాషయందు నాకు ప్రవేశము లేదని ముందుగా మనవి చేయుచున్నాను.

రాజుల విందులను గూర్చి చరిత్రకారులు వ్రాసిరి. పేదవాడు ఉదయమున ఏమి తినెనో వ్రాసినవారు అరుదు. అట్టి అరుదైన రచన యొకటి లాటిను భాషలో కలదు. దాని పేరు 'మొరేతుము'. దాదాపు 2000 సంవత్సరముల నాటిది. నూట యిరువదికి పైబడిన పాదములు గల చిన్న కావ్యము. వర్జిలు మహాకవి పేర చెలామణి యైనది గాని, ఆయన రచన కాదని నేటి పండితుల నిర్ణయము. మన కాళిదాసు పేర తిరుగు చాటువులన్నియు కాళిదాసువియా యేమి!

కథ అని చెప్పదగినది అందులో లేదు. చలికాలపు తెల్లవారుజామున కోడి కూయగా సిములుసు అను చిన్నకారు రైతు మేల్కాంచును. ఆనాటి ఆకలిని తలచుకొని భయపడుచు లేచును. చీకటిలో తడవుకొనుచు పోగా, చేయి కాలినప్పుడు గాని పొయ్యి యెక్కడ నున్నదో తెలియదు. నివురు తొలగించి, నిప్పునూది, దీపము వెలిగించి, గాలికి ఆరిపోకుండ అరచేయి అడ్డము పెట్టుకొని కొట్టుగదికి పోవును. కొలిచిన ధాన్యమును తిరుగలిలో పోసి, ఒక చేయి అలసినపుడు రెండవచేత త్రిప్పుచు, పల్లెపాట పాడుకొనును. అతనికి తోడు స్కిబాలె అను ఆఫ్రికా దేశపు స్త్రీ యొకతెయే; ఆమెను పిలిచి పొయ్యిలో కట్టెలు పెట్టి నీళ్లు కాచుమనును. పిండి జల్లించి, వేడినీళ్లతో ఉప్పుతో మర్దించి, గుండ్రని రొట్టె చేసి, నాలుగు సమభాగములుగా గీతలు పెట్టి, పొయ్యిలో పెంకులు కప్పి కాల్చును. తిరుగలి పాట యెరిగిన మన యిల్లాండ్రకు ఈ ఘట్టమునకు టీక అక్కరలేదు.

తరువాత వంట. అతని పొయ్యిపైన మాంసము వ్రేలాడుట లేదు. త్రాడుకట్టిన గట్టి జున్నుగడ్డ వ్రేలాడుచున్నది. పెరటిలోనికి పోయి నాలుగు వెల్లుల్లి గడ్డలు పెరుకును. కొత్తిమెర, సదాపాకు, కొత్తిమెరను బోలిన మరియొక ఆకు కోయును. వెల్లుల్లి పొట్టు తీసి, రాతిరోటిలో వేసి, ఉప్పును జున్నును ఆకులను చేర్చి నూరును. ఘాటు ముక్కునకెక్కి కన్నీరు కారగా చేతివెనుకతో తుడుచుకొని పొగను తిట్టును. ఆకుపచ్చయు తెలుపును తమ రంగులు విడిచి ఒకే రంగగువరకు నూరి, కొన్ని చుక్కల ఆలివునూనె, కొంచెము సిర్కా కలిపి, రెండువ్రేళ్లతో రోటిచుట్టు తుడిచి ముద్దచేయును. మన రోటిపచ్చడికిని దీనికిని భేదమెంత? పోపు లేదు, మిరపకాయ లేదు. మిరపకాయ అప్పటికి ఆ ఖండమునందును లేదు, మన ఖండమునందును లేదు.

ఈ కావ్యమున నన్ను ఆపివేసిన చోటు వేరొకటి యున్నది. సిములుసు పెరడు చిన్నదే గాని సమృద్ధమైనది. కోసుకూరలు, దుంపలు, సొరకాయలు, పలువిధముల ఆకుకూరలు అందు పండును. అవి అతని కొరకు కావు. తొమ్మిదవనాటి సంతకు కట్టలుకట్టి భుజముపై పట్టణమునకు మోసి అమ్మును. మెడ తేలికయై, సంచి బరువై తిరిగివచ్చును. మాంసపుటంగడినుండి ఏదియు తెచ్చుట యరుదు. ఉల్లియు వెల్లుల్లియు అతని పాలు. నా బాల్యమున మా ఊరిలో పాడిగలవారి యిండ్లను ఎరుగుదును. వెన్న కాచిన నేయి పట్టణమునకు పోవును. మజ్జిగ ఇంటికి మిగులును. పిల్లవాడు నేతికొరకు ఏడ్చిన, "అది అమ్మకపు నేయిరా" అనుచుండిరి. రెండువేల యేండ్ల క్రిందటి కవి ఈ మాటనే వినియుండవలె.

క్రీస్తు పూర్వము 160 ప్రాంతమున కాటో అను రోమను ప్రభువు వ్యవసాయముపై ఒక గ్రంథము వ్రాసెను. లాటిను గద్యమున పూర్తిగా నిలిచిన గ్రంథములలో అదియే ప్రాచీనతమము. అందు ఎరువులు, ఒప్పందములు, ఎద్దుల వైద్యముతోబాటు వంటలును గలవు. ఆలివుపచ్చడి చెప్పినాడు: పచ్చివి, నల్లనివి, కలగలుపువి ఆలివుకాయలను తీసికొని గింజలు తీసి తరిగి, నూనె, సిర్కా, ధనియములు, జీలకర్ర, సోపు, సదాపాకు, పుదీనా చేర్చి, పైన నూనె తేలునట్లు మట్టిపాత్రలో ఉంచవలెనట. పైన నూనె తేలవలెననుట చదివి మా కోడలు, "ఆయన మన జిల్లావాడై యుండును" అనెను. ఆ గ్రంథముననే మరియొకచోట బానిసల భత్యము నిర్ణయింపబడినది. వారికి మొదట చెట్టునుండి రాలిపడిన ఆలివులు. తరువాత నూనె తీయుటకు అంతగా పనికిరానివి. అవి అయిపోయిన పిమ్మట చేపల ఊరుడును సిర్కాయు. నూనె నెలకు మనిషికి ఒక చిన్న కొలత. ఆ చెట్టే, ఆ కాయలే. పచ్చడి ఎవరిదో, రాలినవి ఎవరివో ఒకే చేయి వ్రాసినది. కాటో దానిని దాచలేదు; దాచవలసినదని ఆయనకు తోచనులేదు.

సంపన్నుల వంట వేరు. అపికియసు పేర నిలిచిన రోమను వంటగ్రంథమున దాదాపు ప్రతి వంటకమునందును మిరియము కనబడును. అది మన మలబారు తీరమునుండి పోయినది. మొదటి శతాబ్దివాడగు ప్లినీ, రోములో నల్లమిరియము పౌను 4 దెనారీలు, తెల్లనిది 7, పిప్పలి 15 అని ధరలు వ్రాసి, రుచియు లేక రూపమును లేని యీ కాయకొరకు హిందూదేశమునకు పోవుట యేమని విసుగుకొనెను. ఆ శతాబ్దమునందే ఒక గ్రీకు నావికుడు వ్రాసిన తీరయాత్రా గ్రంథమున మన కృష్ణాతీరప్రాంతము 'మసాలియా' యను పేర కానవచ్చును. అచట సన్ననివస్త్రములు విశేషముగా నేయుదురని ఆయన చెప్పెను. రోమను నాణెములు ఆంధ్రమునను తెలంగాణమునను భూమినుండి బయల్పడినవి. పుదుచ్చేరి చెంతనున్న అరికమేడులో 1945లో త్రవ్వకములు జరుగగా, మధ్యధరా దేశములనుండి ద్రాక్షాసవమును ఆలివునూనెయు తెచ్చిన కూజాల పెంకులు దొరకినవి. కనుక మా యింటికి వచ్చిన సీసా మన సముద్రతీరమునకు క్రొత్తయేమియు కాదు. మన మెంతులకును శాస్త్రజ్ఞులు పెట్టిన లాటిను పేరునకు 'గ్రీకుల యెండుగడ్డి' అని యర్థము. అచ్చట పశువుల మేత, ఇచ్చట మెంతిబద్దలు.

ఇక ఇటలీవారి వంటకు ప్రాణమని లోకము తలచు రామములగపండు, అనగా టొమేటో, అమెరికానుండి వచ్చినది. ఇటలీలో దానిని గూర్చి మొదటి ప్రస్తావన 1544లో మత్తియోలి అను వైద్యుడు చేసెను. చిరకాలము దానిని అనుమానముతోనే చూచిరి. 1692లో నేపుల్సునందు లతీని అను పాకశాలాధికారి అచ్చువేయించిన గ్రంథమున దాని వంటకము కలదు: పండ్లను నిప్పులపై కాల్చి, తోలుతీసి, సన్నగా తరిగి, ఉల్లి, మిరపకాయ, ఒక సువాసనపు టాకు చేర్చి, ఉప్పు, నూనె, సిర్కా కలుపవలెను. స్పెయినుదేశపు పద్ధతి యని దానికి పేరు పెట్టెను. మా అత్తగారు కుంపటిలో కాల్చి చేయు రామములగ పచ్చడి అచ్చముగ ఇదియే. సిర్కాకు మారుగ చింతపండు. ఆమె లతీనిని చదువలేదు. లతీని ఆమెను చూడలేదు. ఒకే పండు, ఒకే నిప్పు చేతికి వచ్చినపుడు చేతులు ఒకే పని చేసినవి.

ఇప్పుడు నా శిష్యుని పథ్యమునకు వత్తును. 1941లో జర్మనులు గ్రీసుదేశమును ఆక్రమించిరి. ఉన్న ధాన్యము సైన్యములు లాగికొనెను. సముద్రమార్గమును బ్రిటిషువారు నిరోధించిరి. ఆ చలికాలమున ఏథెన్సు వీథులలో వేలకొలది జనులు ఆకలిచే మరణించిరి. కొండలపై మొలచు ఆకులను కోసి ఉడికించి తిని బ్రతికినవారు బ్రతికిరి. మన రాయలసీమలో 1876–78 నడుమ ధాత కరవునాడును ఆకు అలమే అన్నమైనది. గ్రీకులకు ధాన్యము పోనిండని కోరుటకే 1942లో ఆక్సుఫర్డు పట్టణమున కొందరు సంఘముగా ఏర్పడిరి. నేడు 'ఆక్సుఫాము' అనునది అదియే.

యుద్ధానంతరము, 1948లో, రాక్‌ఫెల్లరు సంస్థవారు క్రీటుద్వీపమునకు పోయి ప్రజల జీవనమును పరిశీలించిరి. అచ్చటివారి భోజనము రొట్టె, ఆలివులు, నూనె, పప్పుధాన్యములు, అడవియాకులు, పండ్లు. మీ భోజనము మీకు తృప్తికరమా యని అడుగగా ఆరు కుటుంబములలో ఒకటి మాత్రమే అవునన్నది. తక్కినవారు మిక్కుటముగా కోరినది మాంసము. పది సంవత్సరములకు, 1958లో, ఆన్సెలు కీసు అను అమెరికా శాస్త్రవేత్త ఏడు దేశములలో పన్నెండువేలకు పైబడిన మగవారిని పరీక్షించు మహాకార్యమునకు పూనుకొనెను. క్రీటువారిలో హృద్రోగమరణములు మిక్కిలి తక్కువయని తేలినది. ఎవరు తమ పళ్లెరమును చూచి నిట్టూర్చిరో వారి పళ్లెరమే ప్రపంచమునకు పథ్యమైనది. 2010లో యునెస్కో దానిని మానవజాతి వారసత్వముగా గుర్తించెను. నేను కీసును తప్పుపట్టను. ఆయన లెక్కలు వేలమందికి మేలు చేసినవి. అయితే దినమంతయు కొండయెక్కి దిగు గొల్లవాని కాళ్లను విడిచిపెట్టి, అతని నూనెసీసాను మాత్రమే మనకు అమ్మజూపు అంగడివారిని గూర్చి నాకు కొంత ఫిర్యాదు కలదు.

క్రీటులో 'హోర్తా' యని పిలుచు ఆకుకూరల వంట అతిసులభము. దానికి వాడు ఆకులలో మన గంగపాయలకూరయు ఒకటి. తెలంగాణమున దీనినే గంగవాయిలి యందురు. మా పెరటిగోడ ప్రక్కన అదే విరివిగా మొలచును. ఆకును కడిగి, మరుగునీటిలో కొద్దిసేపు ఉడికించి, వార్చి, ఉప్పు, నిమ్మరసము, పైన చెంచెడు నూనె. అంతియే. ఆలివునూనె లేనిచో నువ్వులనూనె వేయుదును. బాబిలోనువారు నువ్వులనూనె తప్ప వేరొకటి యెరుగరని హెరొడోటసు వ్రాసినాడు గదా యని ధైర్యము. సిములుసు ముద్దనుకూడ ఒకనాడు నూరితిని. మా యింట వెల్లుల్లికి తరతరములుగా ప్రవేశము లేదు గనుక, పెరటిలో నీలాటిరేవు రాతిపైన, జున్నునకు బదులు ఉప్పువేసి పిండిన పాలవిరుగుడుతో నూరితిని. కవి అబద్ధమాడలేదు, కన్నీరు వచ్చినది.

గంగపాయలకూర హోర్తాను మా కోడలు రుచిచూచి కొంతసేపు మాటలాడలేదు. పిదప, "మామయ్యగారూ, కాస్త పోపు పెట్టుదునా?" అని అడిగెను. పెట్టుమంటిని. ఈ సంగతిని నా శిష్యునకు ఇంతవరకు చెప్పలేదు. నేడు అతడు రేడియో వినుచుండినయెడల తెలిసియే యుండును.