దుర్వార్తకు ఇంగ్లీషు మాటలు: పిడుగు నుంచి పుండు దాకా

దుర్వార్త విన్నప్పుడు ఇంగ్లీషువారు వాడే మాటలు మనోభావాలను సూచిస్తున్నట్లు కనిపిస్తాయి. కాని వాటి చరిత్రను తవ్వితే బయటపడేవి దెబ్బలు: పిడుగుపాటు, సైన్యాల ఢీ, ఊళ్ళ విధ్వంసం, కత్తి కోత.

వీటిలో పిడుగుది పాత వరస. ‘అస్టానిష్’, ‘స్టన్’ అనే రెండు మాటలూ పాత ఫ్రెంచి మీదుగా, ఉరమడం అనే అర్థమున్న లాటిన్ ధాతువు నుంచి వచ్చినవే. మొదటిది క్రమంగా ఆశ్చర్యం వైపు జరిగిపోయింది. రెండవది చావు కబుర్లకు నేటికీ పనికివస్తోంది. నిర్మలాకాశం నుంచి పడిన పిడుగు అనే పోలికను కార్లైల్ 1837లో ఫ్రెంచి విప్లవ చరిత్రలో వాడాడు. తెలుగు ‘నిర్ఘాంతపోవడం’లోనూ పిడుగుచప్పుడనే అర్థమున్న ‘నిర్ఘాత’ శబ్దం వినిపిస్తుంది. ఇది ఒకరి నుంచి ఒకరు తీసుకున్నది కాదు. రెండు జాతులూ ఒకే ఆకాశం కింద వెతుక్కున్న పోలిక.

‘షాక్’ యుద్ధభూమిలో పుట్టింది. 16వ శతాబ్దపు ఇంగ్లీషులో అది రెండు సేనలు ఢీకొనడం. 18వ శతాబ్దం నాటికి మనసుకు తగిలే దెబ్బ కూడా అయింది. 1915లో ఛార్లెస్ మయర్స్ ‘లాన్సెట్’ పత్రికలో ‘షెల్ షాక్’ గురించి రాసినప్పుడు, ఆ మాట మళ్ళీ యుద్ధభూమికే చేరింది. ఫిరంగి గుండ్ల మధ్య గడిపిన సైనికుల చూపు, జ్ఞాపకం దెబ్బతినడాన్ని ఆయన అందులో వర్ణించాడు. ఆ పేరు వ్యాపించడం ఇష్టంలేని బ్రిటిష్ సైన్యం 1917లో దాని వాడకాన్ని కట్టడి చేసింది. మాట మాత్రం నిలిచింది, బరువు కోల్పోయి. నేటి తెలుగులో టికెట్టు ధరకూ ‘షాకే’, మరణవార్తకూ ‘షాకే’.

‘డివాస్టేటెడ్’ అంటే మొదట పాడుబడిన ఊరు. మనిషికి అది అంటుకున్నది చాలా తర్వాత. బ్రిటన్‌లో 20వ శతాబ్దపు చివరి దశాబ్దాలలో ప్రచారంలోకి వచ్చిన ‘గటెడ్’ మరీ మోటు మాట: పేగులు తీసేసిన చేప. ఓడిన ఫుట్‌బాల్ ఆటగాళ్ళ నోట అది తరచు వినిపిస్తుంది.

వీటన్నిటిలోనూ వాక్యానికి కర్త ‘నేను’. గుండె పగిలినా ఇంగ్లీషులో ‘నేను గుండె పగిలినవాణ్ణి’ అనే చెప్పుకుంటారు. తెలుగులో గుండె తానే చెరువవుతుంది, కడుపు తానే తరుక్కుపోతుంది, కాళ్ళూ చేతులూ ఆడవు. బాధపడే మనిషి పక్కకు తప్పుకొని, శరీరాన్నే మాట్లాడనిస్తాడు.

ఓదార్చవలసి వచ్చినప్పుడు ఈ తేడా మరింత స్పష్టమవుతుంది. అర్ధరాత్రి ఇంటి నుంచి ఫోన్ వచ్చి తండ్రి పోయాడని తెలిసిన ఉద్యోగికి, మర్నాడు సహోద్యోగులందరూ ‘సారీ’ చెబుతారు. తెలుగు చెవికి అది క్షమాపణ. తప్పు చేయనివారు ఎందుకు చెబుతున్నారో తోచదు. నిజానికి పాత ఇంగ్లీషులో ఈ మాటకు మూలమైన ‘సార్’ అంటే నొప్పి, పుండు. ‘సారో’కూ దీనికీ పుట్టుకలో చుట్టరికం లేదు; ధ్వని పోలికే రెంటినీ దగ్గర చేసింది. క్షమాపణ అర్థం తర్వాత చేరినదే. కనుక ఆ పలకరింపులో ఉన్నది ‘తప్పు నాది’ కాదు, ‘నాకూ నొప్పిగా ఉంది’ అని. మన ‘అయ్యో’కు అదే చోటు.