తిరిగి రాని ఎనిమిది

మే నెల, సాయంత్రం ఆరున్నర. నూజివీడులో ఒక కేబుల్ ఆపరేటర్ ఆఫీసు మేడ గదిలో కూర్చున్నారు మీరు. బల్ల కింద గడ్డిలో మాగేసిన చిన్నరసాల వాసన గదంతా పట్టేసింది. ఎదురుగోడ మీద పెద్ద తెర. ఆగిరిపల్లి, ముసునూరు, విస్సన్నపేట దారులన్నీ పచ్చగా ఉన్నాయి. మూల ర్యాకులో, ఇళ్లకి ఫైబర్లో వెలుగు పంపే ఓఎల్‌టీ గుయ్యిమంటోంది. గదిలో ఏసీ దాని కోసమే, మనుషుల కోసం కాదు.

"గాలొచ్చేట్టుంది బాబాయ్," అంటాడు కంప్యూటరు ముందున్న కుర్రాడు.

లైన్‌మన్ బాబాయ్ కిటికీలోంచి తోటవైపు చూస్తాడు. "కాయ కోతకొచ్చాకే వస్తుంది దిక్కుమాలిన గాలి."

ఈ తెర మీదికి కబురు రెండు రకాలుగా వస్తుంది. సాఫ్ట్‌వేరే ఐదు నిమిషాలకోసారి రౌటర్లు, స్విచ్‌ల వంటి పెట్టెలన్నిటినీ పలకరించి రావడం ఒకటి. తోట కాపలా మనిషి చుట్టు తిరిగొచ్చినట్టన్నమాట. రెండోది, పెట్టే తనంతట తాను కేకేయడం. దాన్ని ట్రాప్ అంటారు. 1988లో ప్రామాణికంగా వచ్చిన ఎస్‌ఎన్‌ఎంపీ పద్ధతి అది. 162వ పోర్టుకి చిన్న ప్యాకెట్ వదిలేస్తుంది, అంతే. చేరిందో లేదో పట్టించుకోదు. బస్సు డ్రైవరు చేతికిచ్చిన చీటీ లాంటిది. జవాబు అందకపోతే మళ్లీ పంపే 'ఇన్‌ఫార్మ్' తర్వాత వచ్చింది గానీ, ఇక్కడ నడుస్తున్నది ట్రాపే.

గాలి వచ్చేసింది. ఎదురింటి రేకుల మీద కాయలు రాళ్లలా పడుతున్నాయి. 6:52కి తెర మీద మొదటి ఎరుపు: హనుమాన్ జంక్షన్ వైపు లింకు డౌన్. మీరు తేరుకునేలోపే ట్రాఫిక్ ఆగిరిపల్లి దారికి మళ్లిపోయింది. పోర్టులో వెలుగే ఆరిపోయింది కాబట్టి రౌటరుకి ఇట్టే తెలిసింది. మధ్యలో ఇంకో స్విచ్ ఉండి ఇటువైపు దీపం వెలుగుతూనే ఉంటే? రౌటర్లు దారి ఎంచుకునే పద్ధతి ఓఎస్‌పీఎఫ్, మామూలు లెక్కన అవతలి పలకరింపు కోసం 40 సెకన్లు చూస్తుంది. అప్పటిదాకా పంపిందంతా గోతిలో పోసినట్టే.

ఆ వెంటనే ముసునూరు వైపు ఊరొకటి పోతుంది. ఒకటి, రెండు, పది... మొత్తం 32 ఇళ్లు. ప్రతి వరుసలోనూ ఒకటే మాట: 'డయింగ్ గ్యాస్ప్'. చివరి ఊపిరి. కరెంటు పోగానే ఇంట్లో ఫైబర్ బాక్సు, కెపాసిటర్లో మిగిలిన ఆ కాస్త శక్తితో 'పోతున్నా' అని చెప్పి ఆరిపోతుంది. కొన్ని మిల్లీసెకన్ల పని. అదే ఫైబర్ తెగితే ఆ మాట రాదు. రావడానికి దారేదీ?

"కరెంటే బాబాయ్, మనది కాదు." కుర్రాడు రసం కాయ ఒకటి తీసి మెత్తబడేదాకా పిసుకుతున్నాడు. సాఫ్ట్‌వేరు కూడా ఆ 32 కేకల్నీ ఒక్క వరుసలోకి కుక్కి గంట మోగకుండా ఆపేసింది. మంచిదే. ముప్పై రెండు సార్లు మోగితే వినడం మానేస్తాం.

8:10కి కరెంటు వచ్చింది. వరుసలు పచ్చబడుతున్నాయి. బాబాయ్ తెరవైపు చూడకుండానే అడుగుతాడు.

"ఎన్నొచ్చాయి?"

"ఇరవై నాలుగు."

"మిగతావి?"

"స్విచ్చి వేసుకోలేదేమో."

"ఎనిమిది ఇళ్లవాళ్లూనా?"

ఇక్కణ్నుంచి వెళ్లే ఒక్క ఫైబరు ఊరి మొదట్లో నాలుగుగా చీలుతుంది. ఆ నాలుగూ మళ్లీ ఎనిమిదేసి ఇళ్లకి. అంటే తిరిగి రాని ఆ ఎనిమిదీ ఒకే స్ప్లిట్టరువి. కరెంటు పోయాక, చీకట్లో, ఎక్కడో తీగ కూడా తెగింది. గంట మాత్రం మోగలేదు. ఆరిపోయిన బాక్సు రెండోసారి పోయానని చెప్పలేదు, సాఫ్ట్‌వేరు దాన్ని అప్పటికే కరెంటు ఖాతాలో రాసేసుకుంది. ఇలాంటి సాఫ్ట్‌వేర్లు రాసేవాళ్ల మీద నాకున్న ఫిర్యాదు ఇదే: కేక మీద పెట్టిన శ్రద్ధ లెక్క మీద పెట్టరు. గొర్రెల కాపరి సాయంత్రం దొడ్డి దగ్గర నిలబడి లెక్కపెట్టేది వచ్చినవాటినే కదా!

బాబాయ్ బండి వెనక ఎక్కారు మీరు. ఒళ్లో స్ప్లైసింగ్ మిషన్. రోడ్డంతా ఆకులు, రెమ్మలు. తోటల్లో టార్చిలైట్లు తిరుగుతున్నాయి, రాలిన కాయలు ఏరుతున్నారు. మూడో స్తంభం దగ్గర దొరికింది: కాయల బరువుతో విరిగిన బంగినపల్లి కొమ్మ తీగ మీద వేలాడుతోంది. మన పల్లెల్లో ఫైబరు ఎక్కువగా నడిచేది కరెంటు స్తంభాల మీదే. 2015లో పెట్టిన ఏపీ ఫైబర్‌నెట్ కూడా రోడ్లు తవ్వకుండా ఆ స్తంభాల మీదుగానే తీగ లాగించింది. ఖర్చు తగ్గింది, నిజమే. కాకపోతే కొమ్మ విరిగితే దీపమూ నెట్టూ కలిసే పోతాయి.

125 మైక్రాన్ల గాజుపోగు. బాబాయ్ నోట్లో టార్చి పెట్టుకుని దాని రెండు కొసలూ మిషన్లో పెట్టాడు. చిన్న మెరుపు. మిషన్ తెర మీద నష్టం 0.02 డెసిబెల్. ఫోన్ మోగింది.

"ఎనిమిదీ వచ్చాయి బాబాయ్."

గాలివాన వెలిశాక మీ ఇంట్లోనూ నెట్ రాకపోతే, ఆపరేటరుకి ఫోన్ చేసి 'రావట్లేదు' అని ఊరుకోకండి. బాక్సు మీద ఎల్ఓఎస్ అని రాసి ఉన్నచోట ఎర్ర లైటు వెలుగుతోందా, అసలు లైట్లే లేవా, అదొక్కటి చూసి చెప్పండి. ఎర్ర లైటుంటే మనిషి స్తంభం దగ్గరికి రావాలి.